ఎకరాల ఊరు, అడుగుల నగరం

బెంగళూరు ఎక్కడ అయిపోతుందో తెలియాలంటే పటం అక్కర్లేదు. దారిలో ఆగి నేల ధర అడగండి. ఎకరా ఇంత అన్నారంటే మీరింకా పల్లెలో ఉన్నారు. చదరపు అడుగు ఇంత అన్నారంటే నగరం మిమ్మల్ని దాటి వెళ్లిపోయింది. హొసకోట దాటి కోలారు వైపు, దేవనహళ్లి దాటి చిక్కబళ్లాపురం వైపు, ఆనేకల్ దాటి తమిళనాడు సరిహద్దు వైపు ఈ రెండు కొలతలూ కలగాపులగంగా వినిపించే ఊళ్లు వరసగా ఉన్నాయి. గట్టుకు ఇటు రాగి చేను, అటు రంగు జెండాలు పాతిన లేఅవుటు. రాగి వేసినాయన ఎకరాల్లో మాట్లాడతాడు, జెండాలు పాతినాయన అడుగుల్లో.

లెక్క చూడండి. ఎకరాకు 40 గుంటలు, 43,560 చదరపు అడుగులు. బెంగళూరు మధ్యతరగతి నోట నిత్యం నలిగే 30-40 సైటు 1,200 అడుగులు, అంటే గుంటకు కాస్త ఎక్కువ. రోడ్లకు, పార్కుకు, బడికి స్థలం వదిలి నిబంధనల ప్రకారం లేఅవుటు వేస్తే ఎకరాలో ఇరవై సైట్లు తేలడం కష్టం. అవేమీ లేకుండా సన్నటి దారి ఒక్కటి గీసి అమ్మేస్తే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది దాకా లాగొచ్చు. ఆ అదనపు సైట్ల మీద ఒక తరం ఏజెంట్లు మేడలు కట్టారు. కొన్నవాళ్లు మాత్రం ఇప్పటికీ ఖాతా కోసం, అంటే ఆస్తి పన్ను రికార్డులో పేరు కోసం, తిరుగుతున్నారు.

సేద్యం చేయనివాళ్ల ఇళ్లను సేద్యపు నేలలో కట్టనివ్వాలా వద్దా అన్న చర్చ కర్ణాటకలో అరవై ఏళ్లుగా నడుస్తోంది. నగరం వైపు నుంచి అడిగితే ‘ఇళ్లు ఎక్కడ కట్టుకోమంటారు?’ అంటారు. పర్యావరణం వైపు నుంచి అడిగితే ‘ఒక్క సెంటు కూడా పోనివ్వొద్దు’ అంటారు. రైతునడిగితే ఆ రెంటిలో ఏదీ చెప్పడు. ‘పక్కవాడు అమ్మేశాడు, ఇక నేను దున్ని ఏం లాభం?’ అంటాడు. ఈ మూడో మాటకు జవాబు వెతకకుండా మొదటి రెండు మాటల మధ్య పంచాయతీ చేసినందుకే వ్యవహారం ఇక్కడిదాకా వచ్చిందని నా అభిప్రాయం. కట్టనివ్వాలా వద్దా అన్నదాని కంటే ఎక్కడ కట్టనివ్వాలి అన్నది పెద్ద ప్రశ్న. ఊరిని ఆనుకుని యాభై ఇళ్లు లేస్తే సేద్యానికి పెద్దగా నష్టం లేదు. చేల నడుమ చెదురుగా ఐదు ఇళ్లు లేస్తే చుట్టూ ఉన్న వంద ఎకరాల సేద్యానికి చేటు.

నాలుగు నెలల మౌనం

కర్ణాటక భూ రెవెన్యూ చట్టం 1964 నాటిది. అందులోని 95వ సెక్షన్ బెంగళూరు చుట్టుపక్కల రైతుకు కంఠతా వచ్చు. సాగు భూమిని మరో పనికి వాడాలంటే డిప్యూటీ కమిషనర్, అంటే మన కలెక్టరు, అనుమతి కావాలి. దీన్నే ‘డీసీ కన్వర్షన్’ అంటారు. రైతు తన పొలంలో తాను ఉండటానికి ఫామ్‌హౌస్ వేసుకోవచ్చు, అదీ కమతంలో పదో వంతు మించకుండా. మిగతా ఎవరు ఇల్లు కట్టుకోవాలన్నా ముందు ఆ నేల కాగితం మీద పొలం కాకుండా పోవాలి.

చదివితే గట్టి చట్టమే. అయితే దరఖాస్తు పెట్టిన నాలుగు నెలల్లోగా డీసీ ఏ మాటా చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే అనుకోవాలని అదే సెక్షన్‌లో రాశారు. ఆఫీసు నిద్రపోతే రైతు నష్టపోకూడదన్నది దాని వెనక ఉద్దేశం కావచ్చు. కానీ మౌనానికి కూడా ధర పలికే చోట అలాంటి నిబంధన ఎవరికి పనికొస్తుందో వేరే చెప్పాలా? ఈమధ్య సవరణలతో పని ఇంకా తేలికైంది. మాస్టర్ ప్లాన్‌కు తగిన వాడుకే అయితే దరఖాస్తుదారు ప్రమాణపత్రం మీదే రోజుల్లో తేల్చేయొచ్చు.

ఆ మాస్టర్ ప్లాన్ కథ మరీ విచిత్రం. బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ 1976లో పుట్టింది. 1984 ప్రణాళికలో నగరం చుట్టూ పచ్చని పట్టీ గీశారు. గ్రీన్ బెల్టు. అందులో ఇళ్లు, పరిశ్రమలు రాకూడదు, పొలాలు, తోటలు, చెరువులు ఉండాలి. తర్వాత వచ్చిన ప్రతి ప్రణాళికా ఆ పట్టీని లోపలివైపు నుంచి కొరుక్కుంటూ వచ్చింది. ప్రస్తుతం చేతిలో ఉన్నది 2007లో ఆమోదం పొందిన ‘రివైజ్డ్ మాస్టర్ ప్లాన్ 2015’. 2031 కోసం తయారుచేసిన ముసాయిదా 2017లో వెలుగు చూసింది, 2020లో వెనక్కి పోయింది. దేశంలోకెల్లా వేగంగా పెరిగే నగరాల్లో ఒకటి, 2015 అని పేరు రాసి ఉన్న పటంతోనే ఎక్కడ పొలం, ఎక్కడ ఇల్లు అని ఇప్పటికీ తీర్పు చెబుతోంది.

తీర్పు సరిగా చెప్పనప్పుడు జనం తామే చెప్పుకుంటారు. పంచాయతీలో ఏదో ఒక కాగితం పుట్టించి, పొలాన్ని గుంటలుగా కోసి, సైట్లు అమ్మారు. అవే రెవెన్యూ సైట్లు. కొన్నవాళ్లు మోసగాళ్లు కారు. చాలామంది డ్రైవర్లు, గార్మెంటు కార్మికులు, మన అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి తాపీ పని, వడ్రంగం, చిన్న కొట్టుతో నిలదొక్కుకున్నవాళ్లు. అనుమతి ఉన్న సైటు వాళ్లకు అందదు. అనుమతి లేనిది అందింది, అంతే.

2007లో నగరం బృహత్ బెంగళూరు మహానగర పాలికె (బీబీఎంపీ)గా పెరిగి ఏడు పురపాలక సంఘాలను, ఒక పట్టణ సంఘాన్ని, 110 గ్రామాలను కలుపుకుంది. ఆ ఊళ్ల ఇళ్లకు పన్ను వేయాలంటే లెక్కలోకి ఎక్కించాలి. సక్రమమని ఒప్పుకోవడానికి చట్టం ఒప్పదు. దానికి దొరికిన ఉపాయం బి-ఖాతా. పన్ను కట్టొచ్చు, హక్కు మాత్రం సగమే. ఇలాంటి ఆస్తులు లక్షల్లో పోగుపడ్డాయి. తర్వాత ‘అక్రమ సక్రమ’ పథకం వచ్చింది. 2013 అక్టోబరు 19 నాటికి జరిగిన ఉల్లంఘనలను, ఇళ్లయితే సగం దాకా, వ్యాపార కట్టడాలైతే పావు దాకా, జరిమానా కట్టించుకుని మాఫీ చేస్తామన్నారు. హైకోర్టు 2016 డిసెంబరులో సరేనంది. సుప్రీంకోర్టు 2017 జనవరిలో ఆపేసింది. చివరికి 2025 నవంబరు నుంచి మరో దారి తెరిచారు. ప్రభుత్వం కట్టిన గైడెన్స్ విలువలో ఐదు శాతం కట్టండి, బి-ఖాతాను పూర్తి హక్కున్న ఏ-ఖాతా చేస్తాం, గడువు వంద రోజులు అన్నారు.

ఇల్లు కట్టుకుని పాతికేళ్లుగా ఉంటున్నవాళ్లను వీధిన పడేయలేం. మాఫీ ఇవ్వకుండా గత్యంతరం లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ప్రతి మాఫీ తర్వాతా నగరం అంచున పొలం కోసే ఏజెంటు ఒకే పాఠం నేర్చుకుంటున్నాడు. ముందు అమ్ము, అనుమతి దానంతటదే నడుచుకుంటూ వస్తుంది. సక్రమంగా లేఅవుటు వేసి పార్కుకు స్థలం వదిలినవాడు మాత్రం వెర్రివాడైపోతున్నాడు.

గ్రామఠాణా గీత

‘రైతు కాని వాళ్ల ఇల్లు’ అనగానే మన కళ్ల ముందు ఈతకొలను ఉన్న విల్లా కనిపిస్తుంది. నిజానికి ఊళ్లో అలాంటి మొదటి ఇల్లు రైతు కొడుకుదే. తండ్రి రాగి, మల్బరీ పండించాడు. కొడుకు ఎయిర్‌పోర్టు టాక్సీ నడుపుతాడు. రెండోవాడు ఏదో టెక్ పార్కులో సెక్యూరిటీ. ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. పాత ఇంట్లో చోటు లేదు. ఊరి గ్రామఠాణా, మన వైపు గ్రామకంఠం అంటామే, దాని హద్దు తాతల నాటి సర్వేలో గీసింది. ఊరు నాలుగింతలైనా గీత మాత్రం జరగలేదు. దాంతో అన్నదమ్ములిద్దరూ రోడ్డు పక్కనున్న సొంత చేలో గుంటన్నరలో ఇల్లు లేపారు. చట్టం దృష్టిలో అదీ, పక్కన బిల్డరు కట్టిన విల్లా వరసా ఒక్కటే. కాకపోతే బిల్డరుకు కన్వర్షన్ తెప్పించుకునే మనుషులున్నారు.

ఇక్కడే పెద్ద తప్పు జరిగిందంటాను. ఊరికి ఆనుకుని న్యాయంగా పెరగడానికి చోటు చూపించి ఉంటే, ఊరు దాటి కట్టకూడదని గట్టిగా చెప్పే నైతిక హక్కు ప్రభుత్వానికి ఉండేది. చోటు చూపించలేదు. దాంతో సొంత పిల్లల కోసం మొదలైన ఉల్లంఘన పరాయివాళ్లకు అమ్ముకునే దాకా సాగింది. ఒకసారి గట్టు దాటిన ఇంటి వెనకే కరెంటు స్తంభం వస్తుంది. స్తంభం వెనక రోడ్డు, రోడ్డు వెనక ఏజెంటు.

పోనీ ప్రభుత్వమే లేఅవుటు వేస్తే? ఆ అనుభవమూ ఉంది. శివరామ కారంత్ లేఅవుటు కోసం 17 గ్రామాల్లో మూడున్నర వేల ఎకరాలకు 2008లో నోటిఫికేషన్ ఇచ్చారు. ఏళ్లు గడిచాయి. పరిహారమూ రాలేదు, సైటూ రాలేదు, సేద్యానికి పెట్టుబడి పెట్టే ధైర్యమూ లేదు. 2014లో హైకోర్టు కొట్టేసింది. ఈలోగా ఆ నేలలో ఇళ్లు లేచాయి. 2018 ఆగస్టులో సుప్రీంకోర్టు మళ్లీ ప్రాణం పోసింది. లేచిన ఇళ్లలో ఏది ఉంచాలి, ఏది తీయాలి అని తేల్చడానికి రిటైర్డ్ జడ్జి ఏ.వి. చంద్రశేఖర్ ఆధ్వర్యంలో కమిటీ వేయాల్సి వచ్చింది. పదేళ్ల పాటు ఆ భూమి పొలమూ కాదు, నగరమూ కాదు. సేద్యాన్ని చంపడానికి ఇల్లే కట్టనక్కర్లేదు, కడతామని కాగితం మీద రాసి వదిలేసినా సరిపోతుంది.

ఒక్క ఇల్లే కదా

చేల మధ్య ఒక ఇల్లు వస్తే ఏమవుతుంది? మొదట దారి అడుగుతారు. ట్రాక్టరు వెళ్లే బాట కారు వెళ్లే రోడ్డవుతుంది. తర్వాత ప్రహరీ. వాన నీళ్లు పై చేను నుంచి కింది చేనుకు, అక్కడి నుంచి కాలువ పట్టుకుని చెరువుకు పోవాలి. బెంగళూరు నేలంతా ఇలా చెరువు నుంచి చెరువుకు నీళ్లు జారే వాలు. కెంపేగౌడ 1537లో కోట కట్టిననాటి నుంచి ఊరు బతికింది ఈ వాలు మీదే. ఆ కాలువలే రాజకాలువలు. ప్రహరీ కట్టిన మొదటి ఏడాది పై చేనులో నీళ్లు నిలుస్తాయి, కింది చెరువుకు రావు. పేడ వాసన మీద ఫిర్యాదు వస్తుంది. తెల్లవారుజామున మోటారు శబ్దం మీద, ద్రాక్షతోటకు మందు కొట్టిన రోజు గాలి మీద కూడా. పట్టుపురుగులు పెంచేవాళ్లకు కష్టం అటు నుంచి వస్తుంది. పక్క ఇంటివాళ్లు దోమల కోసం కొట్టే మందు మల్బరీ ఆకు మీద పడితే ఆ పంట మీద ఆశ వదులుకోవాల్సిందే.

అన్నిటికంటే లోతైన దెబ్బ బోరు. రైతు బోరు నీళ్లు పంటకాలాన్ని బట్టి తోడతాడు. ఇల్లు ఏడాది పొడుగునా తోడుతుంది, పచ్చిక లాన్ ఉంటే మరీను. 2024 మార్చి వేసవిలో నగరంలోని 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ఉప ముఖ్యమంత్రి డి.కె. శివకుమారే చెప్పారు. అప్పుడు ట్యాంకర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఊళ్ల నుంచి. పొలం బోరు నీళ్లు పంటకు పెట్టడం కంటే ట్యాంకరుకు అమ్మడమే లాభమని ఆ వేసవిలో చాలామందికి తెలిసొచ్చింది. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాలకు కావేరి ఐదో దశ నీళ్లు 2024 అక్టోబరులో మొదలయ్యాయి. ఇల్లు వచ్చాక నీళ్లు రావడానికి పదిహేడేళ్లు! ఆ పదిహేడేళ్లూ తాగింది భూగర్భ జలమే.

నీటి విషయంలో ఇంకో తమాషా ఉంది. 2018 నుంచి నగరపు మురుగునీటిని శుద్ధి చేసి కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం కింద కోలారు చెరువులకు పంపుతున్నారు. నీటి నాణ్యత మీద కోర్టుల దాకా వెళ్లిన వివాదాలున్నా, ఏళ్ల తరబడి ఎండిన చెరువులు నిండాయి. అంటే సేద్యానికి నీళ్లు నగరం నుంచి పల్లెకు, తాగడానికి నీళ్లు పల్లె నుంచి నగరానికి. ఇంత చిక్కుముడి పడిన చోట గీత గీసి ఇది నగరం, అది పల్లె అనడం కష్టమే.

అయినా ఈ నేల మామూలు నేల కాదని మరిచిపోకూడదు. బెంగళూరు బ్లూ ద్రాక్షకు, బెంగళూరు గులాబీ ఉల్లికి, దేవనహళ్లి చక్కోటకు, అంటే మన పంపరపనసకు, భౌగోళిక గుర్తింపు ఉంది. గులాబీ ఉల్లి పండేది ఇక్కడ, తినేది ఎక్కువగా మలేసియా, సింగపూర్ వైపు. పాలు, పూలు, కూరగాయలు, పట్టుగూళ్లు అన్నీ నగరానికి గంట, రెండు గంటల దూరంలో పండుతున్నాయి. నేల సారం ఎక్కడైనా దొరకొచ్చు. నగరానికి దగ్గరగా ఉన్న సారవంతమైన నేల పోతే మళ్లీ తేలేం.

ఆదివారం రైతులు

2020 దాకా కర్ణాటకలో రైతు కానివాడు పొలం కొనడానికి వీల్లేదు. భూసంస్కరణల చట్టంలోని 79ఏ, 79బి సెక్షన్లు అడ్డం. దేవరాజ్ అరసు హయాంలో, 1974 సంస్కరణలతో, దున్నేవాడికే భూమి అన్న మాట చట్టమైన కాలపు వారసత్వం అది. వ్యవసాయేతర ఆదాయ పరిమితిని 2015లో పాతిక లక్షలకు పెంచారు. 2020 జులైలో ఆర్డినెన్సు తెచ్చి, ఆ డిసెంబరులో చట్టం చేసి, ఆ సెక్షన్లనే తీసేశారు. అదీ 1974 మార్చి ఒకటి నుంచే వర్తించేలా. నలభై ఆరేళ్లు నిండిన నిషేధాన్ని ఎత్తేయడం ఒక సంగతి, గతంలోకి వెళ్లి అది ఎన్నడూ లేనట్టు చెరిపేయడం ఇంకో సంగతి. దాంతో పాత ఉల్లంఘనల కేసులూ ఎగిరిపోయాయి.

నిషేధం ఉన్నన్నాళ్లూ అది గొప్పగా పనిచేసిందని నేననను. బంధువుల పేర, జీపీఏ మీద, తాతగారి పహాణీ చూపించి కొన్నవాళ్లు కొంటూనే ఉన్నారు. కానీ నిషేధం పోయాక వచ్చింది వేరే సరుకు. ‘మేనేజ్డ్ ఫామ్‌ల్యాండ్’ అంటున్నారు. పది గుంటలు, అంటే పావెకరం, మీ పేర రాస్తారు. మామిడి, చందనం మొక్కలు వాళ్లే నాటుతారు, వాళ్లే నీళ్లు పెడతారు. మీరు శనివారం రాత్రి వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లొచ్చు. క్లబ్‌హౌస్ ఉంటుంది. కాగితం మీద పొలం, కళ్లకు లేఅవుటు. ఎవరూ దీన్ని ఇల్లు అని పిలవరు గనక కన్వర్షన్ ప్రశ్న రాదు. మంచం, వంటగది, ఏసీ ఉన్నా అది కాటేజీయే!

ఈ వ్యాపారం సరిహద్దు దాటి మనవైపు వచ్చి చాలాకాలమైంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు కానివాడు పొలం కొనడానికి ఎప్పుడూ అడ్డు లేదు. లేపాక్షి, హిందూపురం, చిలమత్తూరు పరిసరాల్లో బెంగళూరు ఐటీ ఉద్యోగులకు ఫామ్ ప్లాట్లు అమ్మే బోర్డులు అటుగా వెళ్లే ఎవరికైనా కనిపిస్తాయి. కొనేవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ అనుకోవడానికి కారణం ఉంది. సొంతూరు వదిలి వచ్చిన తరానికి మట్టి మీద మమకారం పోదు, ఊళ్లో పొలం చూసుకునే ఓపిక ఉండదు. ఇది వెక్కిరింపు కాదు. నా స్నేహితుల్లోనే అలాంటివాళ్లున్నారు. వాళ్లను నేను అడిగేది ఒక్కటే. ఆ పావెకరం కొనకముందు అక్కడ ఏం పండేది? ఎంతమంది కూలికి వచ్చేవాళ్లు? ఇప్పుడు ఎంతమంది వస్తున్నారు?

తెలంగాణ ఇదే సమస్యను మరోలా చూసింది. రెండు వేల చదరపు మీటర్లకు, అంటే దాదాపు అరెకరాకు, తక్కువ విస్తీర్ణంలో ఫామ్ ప్లాట్లు అమ్మకూడదని పట్టుబట్టింది. ముక్క చిన్నదయ్యేకొద్దీ అది పొలం కాకుండా పోతుందన్న తర్కం సరైనదే. అదే హైదరాబాదులో, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కట్టడాలను బిగించిన 111 జీవో ఉంది. 1996లో వచ్చింది. పాతికేళ్లు ఆ ఊళ్ల రైతులు, పక్క ఊరిలో కోట్లు పలుకుతుంటే తమ నేల ఎందుకు చవకగా ఉండాలని అడిగారు. సమాధానం ఎవరూ చెప్పలేదు. 2022లో 69 జీవోతో ఆంక్షలు సడలించారు. ఈలోపు ఆ ఊళ్లలో పెద్దవాళ్ల ఫామ్‌హౌస్‌లు లేవా అంటే, ఆ వైపు వెళ్లినవాళ్లకు తెలుసు.

కాదనడానికి ధర

1973లో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, కెనడాలో బ్రిటిష్ కొలంబియా ఒకే ఏడాది సాగునేలలో ఇళ్లను అదుపుచేసే పనికి పూనుకున్నాయి. ఒరెగాన్‌లో మంచి సాగునేలలో రైతే ఇల్లు కట్టుకోవాలన్నా తొంభైలలో పెట్టిన ఒక పరీక్ష నెగ్గాలి. ఆ పొలం మీద ఏటా కనీసం 80 వేల డాలర్ల రాబడి చూపాలి. రైతు కానివాళ్లకు ఇల్లు సేద్యానికి పనికిరాని నేలలోనే. అక్కడ కట్టుకున్నా, పక్క పొలం వాసన మీద, దుమ్ము మీద, శబ్దం మీద దావా వేయనని రాసివ్వాలి. బ్రిటిష్ కొలంబియాలో సాగు మండలంలో ధనవంతులు భవంతులు కడుతున్నారని 2019లో ఇంటికి 500 చదరపు మీటర్ల హద్దు పెట్టారు. ఐదు వేల అడుగులకు పైనే! మన రైతు వింటే నవ్వుతాడు. అయినా ఆ నిబంధనల్లో మనం అరువు తెచ్చుకోదగ్గవి రెండున్నాయి. నేల మంచిదా కాదా అని పొలం పొలంగా చూడటం ఒకటి, పక్కింటివాళ్ల ఫిర్యాదు నుంచి రైతును ముందే కాపాడటం రెండోది.

అరువు తేలేనిదీ ఉంది. అక్కడ పొలాల సైజు వేరు. ఇక్కడ ఎకరం, రెండెకరాల కమతాలు. రాగి మీద వచ్చే డబ్బుకూ సైట్ల మీద వచ్చే డబ్బుకూ మధ్య దూరం ఇంత ఉన్నప్పుడు ఏ చట్టమూ ఒంటరిగా నిలబడదు. నగరానికి గాలి, నీరు, కూరగాయలు కావాలి గనక నువ్వు పేదగానే ఉండు అని ఒక రైతుకు చెప్పి, రోడ్డుకు అవతలివాణ్ని కోటీశ్వరుణ్ని చేస్తే ఆ రైతు మాట వింటాడా? కట్టొద్దు అన్న ఊరికి ఏటా ఏదో ఒక రూపంలో డబ్బు ముట్టాలి. కట్టుకోమన్న ఊరిలో కన్వర్షన్‌తో పెరిగిన విలువలో కొంత ఇవతలికి రావాలి. అభివృద్ధి హక్కులను ఒకచోటి నుంచి మరోచోటికి బదిలీ చేసే పద్ధతి, టీడీఆర్, కర్ణాటకకు కొత్తేం కాదు. రోడ్డు వెడల్పుకు ఇచ్చినట్టే పొలం నిలబెట్టినందుకూ ఇవ్వొచ్చు. ఈ ఆలోచన మొదట ఆర్థిక శాఖకు రుచించదని తెలుసు. స్టాంపు డ్యూటీ, కన్వర్షన్ రుసుము, సక్రమ రుసుము, ఆస్తి పన్ను... అన్నీ ఔనంటేనే వస్తాయి. కాదంటే ఏ ఆఫీసుకూ పైసా రాదు.

నగరం పేరే పల్లె మీద పరుచుకుంటున్న రోజులివి. 2025 మేలో రామనగర జిల్లాను బెంగళూరు దక్షిణ అన్నారు. జులైలో మంత్రివర్గ సమావేశంలో బెంగళూరు గ్రామీణ జిల్లాను బెంగళూరు ఉత్తర అన్నారు. అదే సమావేశంలో, రచ్చబండ మీద ఇప్పటికీ తెలుగే వినిపించే బాగేపల్లిని భాగ్యనగర అన్నారు. పేరుతో ఆస్తి విలువ పెరుగుతుందని రామనగర విషయంలో దాచకుండానే చెప్పారు. గ్రామీణ అన్న మాట తీసేసిన జిల్లాలో గ్రామాన్ని కాపాడాలనడం కొంచెం ఇబ్బందికరమైన పనే. బిడది దగ్గర తొమ్మిది గ్రామాల్లో టౌన్‌షిప్ కోసం భూమి సేకరిస్తామంటే రైతులు రోడ్డెక్కిందీ ఆ ఏడాదే.

రోడ్డెక్కి గెలిచినవాళ్లూ ఉన్నారు. దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్టణ హోబళిలో 13 గ్రామాలు, 1,777 ఎకరాలు. ఏరోస్పేస్ పార్కు కోసం కావాలన్నారు. 2022 ఏప్రిల్‌లో మొదలైన ధర్నా వెయ్యి రోజులు దాటింది. మనకు సినిమాల్లో పరిచయమైన ప్రకాశ్‌రాజ్ సహా ఎందరో వాళ్ల పక్కన నిలబడ్డారు. 2025 జులై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య సేకరణ విరమించుకుంటున్నామని ప్రకటించారు. ఆ నేలను ప్రత్యేక వ్యవసాయ మండలంగా ఉంచాలన్న మాటా తర్వాత వచ్చింది. వచ్చింది ఫ్యాక్టరీల గొడవే అయినా, ఇళ్ల ప్రశ్నకు ఇంతకంటే మంచి ప్రయోగశాల లేదు. విమానాశ్రయం పక్కనే ఉంది, ధరలు ఆకాశాన ఉన్నాయి, పంట పండే నేల ఉంది, అమ్మేది లేదన్న రైతులున్నారు.

ఆ 13 ఊళ్ల గ్రామఠాణా హద్దులను ఇప్పుడే కొలిచి, రాబోయే ఇరవై ఏళ్లకు సరిపడా ఊరిని ఆనుకుని చోటు వదలొచ్చు. టాక్సీ నడిపే కొడుకుకూ, సెక్యూరిటీ కొడుకుకూ, బయటి నుంచి వచ్చి ఊళ్లో ఉంటానన్న వాళ్లకూ అక్కడే సైట్లు. నీళ్లు పైపులో వచ్చాకే ప్లాను మంజూరు. ఊరి గీత దాటితే రైతు సొంత ఫామ్‌హౌస్ తప్ప ఇంకేదీ వద్దు, దాటి కట్టినదానికి రేపు ఏ సక్రమమూ వర్తించదని పహాణీలోనే రాయాలి. ఆ ఆంక్షకు బదులుగా ఏటా ఎకరాకు ఇంత అని ఖాతాలో పడాలి. 1,777 ఎకరాలకే అది చేయలేకపోతే జిల్లా మొత్తానికి గ్రీన్ బెల్టు గీయడం రంగు పెన్సిళ్ల ఖర్చు.

అయితే ఆ జులై ప్రకటనలో ఇంకో వాక్యం కూడా ఉంది. ఇష్టపడి భూమి ఇచ్చే రైతులుంటే తీసుకుంటామని, వాళ్లకు ఎక్కువ పరిహారం, అభివృద్ధి చేసిన స్థలం ఇస్తామని. ఇచ్చేస్తామన్న రైతులూ ఆ ఊళ్లలోనే ఉన్నారు, వాళ్లకూ ఆడపిల్లల పెళ్లిళ్లున్నాయి, అప్పులున్నాయి, వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఒక చేను ఇచ్చి పక్క చేను ఇవ్వకపోతే మధ్యలో లేచే గోడ, దానికి వేసే దారి, గోడకు అటు తవ్వే బోరు... వీటి సంగతి మాత్రం ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.